దసరా సెలవుల్లో న్యూజిలాండ్, ఆరుగురం, ఒకే మోటర్‌హోమ్: మొదటిసారి, చేయగలమా?

నల్లకుంట_నరేష్
దసరా సెలవులకి న్యూజిలాండ్ టికెట్లు చూస్తున్నా. మేమిద్దరం, పిల్లలిద్దరు (తొమ్మిదేళ్ళు, ఐదేళ్ళు), అమ్మ, నాన్న. ప్రతి ఊళ్ళో మూడేసి రూములు, ఆరుగురికి పూటపూటా బయట తిండి లెక్కేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. అందుకని ఆరుగురు పడుకునే మోటర్‌హోమ్ అద్దెకి తీసుకుందామని ఐడియా. ఇల్లూ బండీ ఒకటే.

మా బావమరిది మాత్రం "అరకు ఘాట్‌లో ఎర్టిగా నడపడానికే చెమటలు పట్టాయి నీకు, అక్కడ లారీ తోలతావా" అని ఇంట్లో అందరి ముందూ ఆడుకుంటున్నాడు.

12 రోజులు. ఆక్లాండ్‌లో దిగి రోటొరువా, వెల్లింగ్టన్, అక్కణ్ణుంచి ఫెర్రీ, క్రైస్ట్‌చర్చ్, టెకపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, మిల్ఫర్డ్, గ్లేసియర్లు, మళ్ళీ క్రైస్ట్‌చర్చ్. నేనొక్కణ్ణే డ్రైవర్. మన లైసెన్సు చెల్లుతుందా? వండుకోవచ్చా? రాత్రి ఎక్కడ ఆపాలి? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. బావమరిదికి చూపించాలి.

డౌట్_దొరబాబు
బాత్రూమ్ బండిలోనే ఉంటుందా? ఉంటే ఆ వెళ్ళింది ఎక్కడికి వెళ్తుంది? ఎవరు తీస్తారు?

సిద్దిపేట_సైదులు
ఎవడు పైసలు గట్టిండో ఆడే తీస్తడు 😂

కివీ_కాకినాడ
నేను క్రైస్ట్‌చర్చ్‌లో 11 ఏళ్ళుగా ఉంటున్నానండి. మీ ప్లాన్ చూసి మా ఆవిడకి చదివి వినిపించాను, ఇద్దరం నవ్వుకున్నాం. తప్పుగా అనుకోకండి, ఇండియా నుంచి వచ్చే ప్రతి చుట్టం ఇదే ప్లాన్ పట్టుకొస్తాడు.

ఆక్లాండ్ నుంచి వెల్లింగ్టన్ 650 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఫెర్రీ మూడున్నర గంటలు, ముందు చెకిన్ అదనం. పిక్టన్ నుంచి క్రైస్ట్‌చర్చ్ ఇంకో 340. అప్పటికి మీకు నాలుగైదు రోజులు అయిపోతాయి, మీరు రావాలనుకున్న కొండలు ఇంకా మొదలే కావు. ఇక్కడ హైవే అంటే చాలా చోట్ల రెండే లేన్లు, ఎదురుగా వచ్చేది ఒకటి, పోయేది ఒకటి. మ్యాప్‌లో నాలుగు గంటలని చూపిస్తే మోటర్‌హోమ్‌కి ఐదున్నర వేసుకోండి.

నార్త్ ఐలండ్ (ఆక్లాండ్, రోటొరువా, వెల్లింగ్టన్ ఉన్న దీవి) తీసెయ్యండి. నేరుగా క్రైస్ట్‌చర్చ్ దిగండి. సౌత్ ఐలండ్ ఒక్కటే 12 రోజులకి ఎక్కువ. రోజుకి 200 కిలోమీటర్లు దాటకూడదు, రెండు మూడు చోట్ల రెండేసి రాత్రులు ఉండాలి. దిగిన రోజు బండి తీసుకోవద్దు. దసరా టైముకి ఇక్కడ ఇండియా కంటే ఏడున్నర గంటలు ముందుంటాం, రాత్రంతా విమానంలో కూర్చుని కొత్త బండి స్టీరింగ్ పట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక రాత్రి ఎయిర్‌పోర్టు దగ్గర మోటెల్లో పడుకుని పొద్దున్న తీసుకోండి.

నల్లకుంట_నరేష్
పిల్లలకి రోటొరువాలో వేడినీళ్ళ బుగ్గలు చూపిస్తానని మాటిచ్చానండి 😬

కివీ_కాకినాడ
ఇంకోసారి రండి. లేదా మణుగూరు తీసుకెళ్ళండి, అక్కడా బుగ్గలు ఉన్నాయి.

రిటైర్డ్_ఆర్టీసీ
31 ఏళ్ళు ఆర్టీసీ స్టీరింగ్ మీద ఉన్నా. పోయినేడు మా అమ్మాయి వాళ్ళతో వెళ్ళి ఆ బండి నేను కూడా నడిపా. నరేష్, భయపడక్కర్లేదు. అక్కడా ఎడమవైపే పోవాలి, స్టీరింగ్ కుడివైపే. అమెరికా, యూరప్ అయితే నేనే వద్దంటా.

పొడవు దాదాపు 7 మీటర్లు, ఎత్తు 3 మీటర్ల పైన. లారీ కాదు, మినీ బస్సు అనుకో. కష్టం పొడవుతో కాదు, తోకతో. వెనక చక్రాల తర్వాత రెండు మీటర్ల దాకా బాడీ బయటికి ఉంటుంది. కుడికి తిప్పితే ఆ తోక ఎడమకి వస్తుంది. బంకులో పంపుకి ఆనించి ఆపి, స్టీరింగ్ ఫుల్లుగా తిప్పి కదిలించావంటే పంపుని తోకతో కొడతావు. ముందు నాలుగడుగులు తిన్నగా పోనిచ్చి అప్పుడు తిప్పు.

రెండోది ఎత్తు. ఎర్టిగా అలవాటుతో చెట్టు కొమ్మ కింద, షాపింగ్ మాల్ పార్కింగులో దూరుస్తారు. బండి ఎత్తు ఒక కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకి అంటించు. అగ్రిమెంటులో చూడు, పై భాగం దెబ్బ, అడుగు భాగం దెబ్బ ఫుల్ ఇన్సూరెన్సులో కూడా చాలామంది కవర్ చెయ్యరు.

నల్లకుంట_నరేష్
సార్, ఇది ప్రింటు తీసుకుంటున్నా. లైసెన్సు సంగతి?

రిటైర్డ్_ఆర్టీసీ
మన కార్డు ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి చాలు. అయినా ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకో, ఏడాది చెల్లుతుంది. ఒరిజినల్ కార్డు జేబులో ఉండాలి. మా అల్లుడు కౌంటర్ దగ్గర ఫోన్‌లో డిజిలాకర్ చూపిస్తే ఆ అమ్మాయి నవ్వి "ప్లాస్టిక్ ప్లీజ్" అంది. అదృష్టం బాగుండి నా కార్డు ఉంది కాబట్టి నేనే డ్రైవరయ్యా.

హనమకొండ_హరిత
దొరబాబు అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పట్లేదు, నేను చెప్తా. నవ్వకుండా చదవండి.

బాత్రూమ్ బండిలోనే ఉంటుంది. కింద క్యాసెట్ అని ఒక ప్లాస్టిక్ డబ్బా, సూట్‌కేసులాగ చక్రాలు కూడా ఉంటాయి. బయటి పక్క చిన్న తలుపు తీసి దాన్ని లాగి, డంప్ స్టేషన్ అని ఉంటుంది, అక్కడ పొయ్యాలి. కడిగి, మందు వేసి, మళ్ళీ పెట్టాలి. పట్టేది 20 లీటర్ల లోపే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ లెక్క తెల్లవాళ్ళది. వాళ్ళు కాగితం వాడతారు. మనం చెంబు వాడతాం. చెంబుకి లీటరు అనుకున్నా ఆరుగురికి, రోజుకి ఎన్నిసార్లు, మీరే లెక్కేసుకోండి. మా నలుగురికి మొదటి రోజు సాయంత్రానికే ఎర్ర లైటు వెలిగింది. ఆ రాత్రి మేం ఆపింది ఏ వసతీ లేని చోట. తెల్లారే దాకా ఎట్లా గడిచిందో రాయను.

తర్వాత మేం పెట్టుకున్న రూలు: బండిలోది రాత్రిపూట ఒకటికి మాత్రమే. మిగతాదంతా క్యాంప్‌గ్రౌండులో, సూపర్ మార్కెట్లో, దారిలో కనిపించిన ప్రతి పబ్లిక్ టాయిలెట్లో. ఆ దేశంలో అవి శుభ్రంగా ఉంటాయి, చిన్న ఊళ్ళో కూడా ఉంటాయి. ఒక ఖాళీ వాటర్ బాటిల్ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటే చాలు.

డౌట్_దొరబాబు
థాంక్స్ అక్కా. మీ ఇంట్లో ఎవరు తీశారు?

హనమకొండ_హరిత
మా ఆయన. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆయన మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

పద్మజ_వంటిల్లు
వంట గురించి నేను. గ్యాసు పొయ్యి మూడు బర్నర్లు, చిన్న ఫ్రిజ్, సింకు ఉంటాయి. కుక్కర్ పెట్టుకోవచ్చు, మూడు లీటర్లది పట్టుకెళ్ళండి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్, ఇండక్షన్ మాత్రం కరెంటు ప్లగ్గు ఉన్న సైటులో ఆపినప్పుడే పనిచేస్తాయి. బ్యాటరీ మీద లైట్లు, పంపు, ఫ్రిజ్ వరకే. మైక్రోవేవ్ కూడా అంతే.

పోపు! తలుపు, కిటికీ, పైన ఫ్యాను అన్నీ తెరిచి పెట్టండి. మేం ఎండుమిర్చి వేసిన మరుక్షణం స్మోక్ అలారం మోగింది. పక్క బండిలోంచి జర్మనీ ముసలాయన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి రెండు గారెలు పెట్టి పంపించాం.

సామాను: ఎయిర్‌పోర్టులో బయోసెక్యూరిటీ వాళ్ళతో ఆటలొద్దు. తినే వస్తువు ఏదున్నా ఫారంలో ఉంది అని రాయండి. రాసి చూపిస్తే వాళ్ళు వద్దన్నవి పారేస్తారు, అంతే. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల ఫైను. మా ముందు ఉన్నావిడ విమానంలో ఇచ్చిన ఆపిల్ బ్యాగులో మర్చిపోయింది, ఒక్క ఆపిల్! పచ్చి కరివేపాకు, పళ్ళు, తేనె అసలు పెట్టొద్దు. మట్టి అంటిన బూట్లు కూడా చూస్తారు, కడిగి పెట్టుకోండి. బియ్యం, పప్పు, ఆవాలు అన్నీ క్రైస్ట్‌చర్చ్ ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి, ఇక్కణ్ణుంచి మొయ్యడం దండగ.

నల్లకుంట_నరేష్
ఆవకాయ?

పద్మజ_వంటిల్లు
రాసి చూపించండి, ఆపై ఆ ఆఫీసరు దయ. నేను కంపెనీ సీలు ఉన్న సీసా పట్టుకెళ్ళా, పంపించేశారు. ఇంటి జాడీ ధైర్యం చెయ్యలేదు.

మెల్‌బోర్న్_మావయ్య
అందరూ ఎక్కించేస్తున్నారు కాబట్టి నేను దింపుతా. ఆరుగురికి మోటర్‌హోమ్ చవక అనేది భ్రమ. అద్దె ఉంటుంది, ఇన్సూరెన్సు తగ్గింపుకి రోజుకింత, పిల్లల సీట్లకి ఇంత, కరెంటు సైటుకి మనిషికింత, డీజిల్. ఆ పైన డీజిల్ బండికి రోడ్ యూజర్ చార్జి అని బండి తిరిగిచ్చేటప్పుడు కిలోమీటర్ల లెక్కన వేస్తారు, అది చాలామందికి కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. మేం ఏడు సీట్ల కారు తీసుకుని, వంటగది ఉన్న మోటెళ్ళు, హాలిడే పార్కు (డబ్బు కట్టి ఉండే క్యాంప్‌గ్రౌండు) క్యాబిన్లలో ఉన్నాం. వంటా చేసుకున్నాం, రాత్రి కాళ్ళు చాపుకునీ పడుకున్నాం. 70 దాటిన పెద్దవాళ్ళని ఆ మంచాల మీద ఎక్కించడం నాకైతే తప్పనిపిస్తుంది.

హనమకొండ_హరిత
మావయ్య గారూ, లెక్కలో మీరు కరెక్టే. మాకూ పెద్దగా మిగల్లేదు. కానీ పొద్దున్నే లేచి తలుపు తీస్తే ఎదురుగా సరస్సు. టీ గ్లాసు పట్టుకుని నైటీలోనే బయట కూర్చున్నా. మోటెల్లో అది రాదు.

మెల్‌బోర్న్_మావయ్య
మోటెల్లో నడుం నొప్పి కూడా రాదమ్మా.

రిటైర్డ్_ఆర్టీసీ
మంచాల సంగతి మావయ్య చెప్పింది వినాల్సిందే. డ్రైవర్ నెత్తి మీద ఒక మంచం ఉంటుంది, నిచ్చెన ఎక్కాలి. అది పిల్లలకి. వెనక సోఫాలు కలిపితే మంచం, అది పెద్దవాళ్ళకి. మధ్య బల్ల దింపితే మూడోది, అది మొగుడూ పెళ్ళాలకి. రాత్రి ఎవరైనా లేస్తే మీ కాళ్ళ మీదుగా పోవాలి. ఇంకోటి, చిన్నబాబు ఐదేళ్ళవాడు కదా, ఏడేళ్ళ లోపు పిల్లలకి చైల్డ్ సీటు చట్టం ప్రకారం ఉండాలి. బండిలో అన్ని సీట్లకీ అది బిగించడం కుదరదు, బుక్ చేసేటప్పుడే ఏ సీటుకి వీలవుతుందో అడుగు.

బడ్జెట్_బాలు
ఎందుకు బ్రో ఈ క్యాంపుసైట్ ఖర్చులు. సరస్సు పక్కన ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆపెయ్. రాత్రి ఎవడూ రాడు. మేం 9 రాత్రుల్లో 6 ఫ్రీ.

కివీ_కాకినాడ
బాలు గారూ, ఇలాంటి సలహాల వల్లే మా ఊళ్ళలో బోర్డులు పెరిగాయి. ఎక్కడబడితే అక్కడ ఆపడానికి ఇది మీ మావయ్యగారి పొలం కాదండి. ఇలా క్యాంప్‌గ్రౌండు బయట ఫ్రీగా ఆపడాన్ని ఫ్రీడమ్ క్యాంపింగ్ అంటారు, దానికి 2011 నుంచి చట్టం ఉంది, 2023లో ఇంకా బిగించారు. బండిలో బిగించిన టాయిలెట్ ఉండి, దానికి సర్టిఫికెట్ ఉండాలి. అది ఉన్నా కూడా కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వద్దన్న చోట ఆపకూడదు. ఒక్కో కౌన్సిల్‌ది ఒక్కో రూలు. క్వీన్స్‌టౌన్ చుట్టుపక్కల మరీ గట్టిగా చూస్తారు. ఫైను వందల డాలర్లలో ఉంటుంది, అద్దె బండైతే కంపెనీ వాళ్ళు దాని మీద వాళ్ళ చార్జీ కలిపి మీ కార్డులోంచి లాగుతారు.

డబ్బు ఆదా చెయ్యాలంటే దారి ఉంది. డాక్ అంటారు, అటవీ శాఖలాంటిది, వాళ్ళ క్యాంపుసైట్లు ఉన్నాయి. కరెంటు ఉండదు, చవక, చోటు మాత్రం అద్భుతం. మౌంట్ కుక్ కింద వైట్ హార్స్ హిల్ అలాంటిదే. రెండు రాత్రులు అలాంటి చోట, మూడో రాత్రి హాలిడే పార్కులో. అక్కడ వేడినీళ్ళ స్నానం, బట్టలుతుక్కోవడం, ట్యాంకులు ఖాళీ చేసి నింపుకోవడం, బ్యాటరీ చార్జింగ్. క్యాంపర్‌మేట్ యాప్ వేసుకోండి, డంప్ స్టేషన్లతో సహా అన్నీ చూపిస్తుంది.

బడ్జెట్_బాలు
మాకు ఫైన్ పడలేదు కదా మరి

కివీ_కాకినాడ
హెల్మెట్ లేకుండా తిరిగినోళ్ళందరికీ తల పగలదు కదా మరి.

నల్లకుంట_నరేష్
ఇది చదివి సౌత్ ఐలండ్ ఒక్కటే అని ఫిక్స్ అయ్యాం. మా ఆవిడ, నాన్న ఓకే. కొత్త సమస్య అమ్మ. వీడియోలో బండి లోపల చూపించా. "పొయ్యికీ దొడ్డికీ మధ్య రెండడుగులు కూడా లేవు, నేను ఆ నీళ్ళతో మంచినీళ్ళు తాగను, నైవేద్యం పెట్టను" అని కూర్చుంది. పైగా నవరాత్రులు. తొమ్మిది రోజులూ దీపం పెట్టాలి. ఏం చెప్పాలి?

సిద్దిపేట_సైదులు
అమ్మను బావమరిది తాన ఇడిసిపెట్టు. ఒక్క దెబ్బకు రెండు పనులైతయ్.

పద్మజ_వంటిల్లు
మా అత్తగారిదీ ఇదే గొడవ. మంచినీళ్ళ ట్యాంకు వేరు, వాడిన నీళ్ళది వేరు, క్యాసెట్ పూర్తిగా వేరు. ఒకదానికొకటి సంబంధం లేదు. అయినా ఆవిడ ఒప్పుకోలేదు. పది లీటర్ల క్యాన్ ఒకటి కొని, క్యాంప్‌గ్రౌండు కుళాయి దగ్గర ఆవిడే స్వయంగా పట్టుకుని, దానికి పసుపు బొట్టు పెట్టారు. అది ఆవిడ క్యాను. ఎవరూ ముట్టుకోకూడదు. హాలిడే పార్కుల్లో కామన్ కిచెన్ ఉంటుంది, మడి వంట అక్కడ చేసుకున్నారు. పొద్దున ఐదున్నరకి వెళ్తే ఇంకెవరూ ఉండరు.

దీపం మాత్రం బండిలో వద్దండి. కర్టెన్లు, గ్యాసు, పరుపులు, ఏదీ అగ్గికి దూరంగా ఉండదు. బ్యాటరీ దీపం పెట్టించండి. గాలి లేని పూట బయట బల్ల మీద నిజం దీపం పెట్టుకోవచ్చేమో, క్యాంప్ ఆఫీసులో అడగండి. కొన్ని సీజన్లలో బయట అగ్గి కూడా నిషేధం.

చుక్కల_చక్రి
టెకపోలో రెండు రాత్రులు ఉండండి, బతిమాలుతున్నా. 2012 నుంచి అది డార్క్ స్కై రిజర్వ్. ఊరి వీధిదీపాలు కూడా నేలకే చూస్తాయి. మనకి దక్షిణాన కాసేపు కనిపించి పోయే అగస్త్య నక్షత్రం అక్కడ అస్తమించనే అస్తమించదు. ధ్రువుడు, సప్తర్షులు మాత్రం ఉండరు. అరుంధతి కూడా కనపడదు.

సిద్దిపేట_సైదులు
అరుంధతి కనవడకుంటే ఆడ లగ్గాలెట్ల జేస్తరు?

చుక్కల_చక్రి
మన దగ్గర మాత్రం పట్టపగలు ఎవరికి కనిపించింది? పంతులు చూపించాడు, మనం తలూపాం.

బెజవాడ_బుల్లోడు
అందరూ తెలివైన సలహాలు ఇస్తున్నారు, నేను మా తెలివితక్కువ చెప్తా. బండికి బయట రెండు మూతలు ఉంటాయి. ఒకటి డీజిల్, ఒకటి మంచినీళ్ళు. మా తోడల్లుడు సెల్ఫ్ సర్వీస్ బంకులో, వర్షంలో, మంచినీళ్ళ మూత తీసి 30 లీటర్ల డీజిల్ పోశాడు. అంకె చూసుకుని "మైలేజీ బాగుందే" అని కూడా అన్నాడు.

ట్యాంకు, పైపులు, పంపు అన్నీ మార్చాలన్నారు. ఇన్సూరెన్సు వర్తించదు, అగ్రిమెంటులో ఆ మాట రాసే ఉంది. కట్టిన అంకె చెప్తే తోడల్లుడు ఇక్కడ అకౌంట్ ఉన్న మనిషే, బాధపడతాడు. మూత మీద రంగు టేపు అంటించండి, డీజిల్ అని తెలుగులో రాయండి.

తోడల్లుడు_2
చదువుతున్నా.

సిద్దిపేట_సైదులు
😂😂😂 ఈ థ్రెడ్ పిన్ చేయుర్రి

రిటైర్డ్_ఆర్టీసీ
నరేష్, రెండో విడత పాఠం. వెస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఒక లేను వంతెనలు చాలా ఉంటాయి. నీలం బోర్డు మీద తెల్ల బాణం నీవైపు పెద్దదిగా ఉంటే నీదే దారి. ఎర్ర గుండ్రం బోర్డులో చిన్న ఎర్ర బాణం నీదైతే ఆగి ఎదుటివాణ్ణి పోనివ్వాలి. మన దగ్గరలా లైట్లు కొట్టి దూరిపోతే మధ్యలో ముఖాముఖి నిలబడతారు, ఆ తోకతో రివర్సు నీ వల్ల కాదు.

వనాకా, క్వీన్స్‌టౌన్ మధ్య జీపీఎస్ క్రౌన్ రేంజ్ రోడ్డు చూపిస్తుంది, దగ్గర దారని. 1,000 మీటర్లు దాటి ఎక్కి, ఒక్కసారిగా హెయిర్‌పిన్ల మీద దించుతుంది. కారుకి సరదా, నీకు వద్దు. క్రోమ్‌వెల్ మీదుగా కవరావు లోయలో రా. ఎక్కడ దిగుడున్నా గేరు తగ్గించి దిగు, బ్రేకు మీద కాలు వేసి కూర్చోకు. గాలి ఉన్న రోజు తలుపు తీసేటప్పుడు చేత్తో పట్టుకునే తియ్యి, విరిగిన తలుపు ఒకటి కళ్ళారా చూశా.

కివీ_కాకినాడ
సార్ చెప్పినదానికి నాదొక విన్నపం. వెనక ఐదారు బండ్లు చేరితే ఎడమకి ఆపి దారివ్వండి. ఇక్కడ స్పీడు లిమిట్ 100, మూడున్నర టన్నులు దాటిన బండికి 90. మీరు అందాలు చూస్తూ 60లో పోతుంటే మేం ఆఫీసుకో ఆస్పత్రికో పోయేవాళ్ళం వెనక పళ్ళు కొరుక్కుంటూ ఉంటాం. అలాంటి డ్రైవర్ల మీద *555 కి ఫోన్ చేసి చెప్పే పద్ధతి ఉంది, నేనూ చేశాను.

హనమకొండ_హరిత
కొత్త దేశం, కొత్త బండి, వెనక పిల్లలు. 60లో పోతే కంప్లైంటా? మా మీద చేసింది మీరేనా?

కివీ_కాకినాడ
తెల్ల బండి, వెనక అద్దానికి మామిడాకుల తోరణమా?

హనమకొండ_హరిత
ప్లాస్టిక్ తోరణం. 🙄

నల్లకుంట_నరేష్
మిల్ఫర్డ్ గురించి ఎవరూ చెప్పలేదు. అక్టోబర్‌లో మోటర్‌హోమ్‌తో వెళ్ళొచ్చా?

కివీ_కాకినాడ
టె అనావు అనే ఊరి నుంచి 120 కిలోమీటర్లు, దారిలో ఊరు లేదు, బంకు లేదు, చాలా దూరం ఫోన్ సిగ్నల్ లేదు. మధ్యలో హోమర్ టన్నెల్, కొండని తొలిచి 1954లో తెరిచారు, 1.2 కిలోమీటర్లు, లోపల ఏటవాలు. అక్టోబర్ మాకు వసంతం అన్నమాటే గానీ ఆ రోడ్డు మీద మంచుచరియలు విరిగిపడే కాలం ఇంకా అయిపోదు. మే నుంచి నవంబర్ దాకా బోర్డు పెట్టినప్పుడు చక్రాలకి చెయిన్లు బండిలో ఉండాలి, వెయ్యడం కూడా రావాలి. బండి టె అనావు హాలిడే పార్కులో వదిలి బస్సు, పడవ కలిపిన టూరు తీసుకోండి. డ్రైవరు మీరే కాబట్టి ఆ ఒక్కరోజైనా మీరూ కిటికీలోంచి చూడొచ్చు.

టన్నెల్ దగ్గర కియా అని ఆకుపచ్చ కొండచిలకలు ఉంటాయి. ముద్దొస్తాయి, కారు కిటికీ రబ్బర్లు పీకి తింటాయి. మిల్ఫర్డ్‌లో, వెస్ట్ కోస్ట్ అంతా సాండ్‌ఫ్లైలు. ఆవగింజంత ఉంటుంది, కుడితే వారం గోక్కుంటారు. మావోరీల కథ ఒకటి ఉంది. ఆ లోయ అందం చూసి మనుషులు అక్కడే ఉండిపోతారని మృత్యుదేవత హినె-నుయి-టె-పో ఈ ఈగల్ని వదిలిందట.

డౌట్_దొరబాబు
మరి మన దోమల్ని ఎవరు వదిలారు?

సిద్దిపేట_సైదులు
మున్సిపాలిటీ.

నల్లకుంట_నరేష్
బుక్ చేశా. క్రైస్ట్‌చర్చ్ 1, టెకపో 2, మౌంట్ కుక్ 1, క్వీన్స్‌టౌన్ 2, టె అనావు 2, వనాకా 1, ఫాక్స్ గ్లేసియర్ 1, హొకిటికా 1, ఆర్థర్స్ పాస్ మీదుగా వెనక్కి. వచ్చాక రాస్తా. బావమరిది ఎయిర్‌పోర్టుకి వచ్చి బొమ్మ లారీ గిఫ్టుగా ఇస్తానంటున్నాడు.

నల్లకుంట_నరేష్
నెల తర్వాత వస్తున్నా, సారీ. బండి విరగలేదు, మనుషులు విరగలేదు.

బండి ఇచ్చేటప్పుడు 20 నిమిషాలు అన్నీ చూపించారు, ఒక్క ముక్క గుర్తులేదు. రెండోసారి చూపించమని మా ఆవిడ ఫోన్‌లో వీడియో తీసింది. ప్రతి రాత్రీ ఆ వీడియో చూసే అన్నీ చేశాం. వెళ్ళేవాళ్ళు ఇది తప్పకుండా చెయ్యండి.

మొదటి రౌండబౌట్‌లోనే సొరుగులు తెరుచుకున్నాయి. రెండు కిలోల కందిపప్పు బండంతా పరుచుకుంది. కదిలే ముందు ప్రతి తలుపూ గొళ్ళెం పెట్టాలని ఎవరూ రాయలేదిక్కడ, రాసి ఉంటే చదివేవాణ్ణి. ఆఖరి రోజు అప్పగించేటప్పుడు కూడా బ్రేకు పెడలు పక్కన మూడు గింజలు దొరికాయి.

టెకపోలో అమ్మ గట్టుమీద కుర్చీ వేసుకుని శాలువా కప్పుకుని రాత్రి పదకొండింటి దాకా లేవలేదు. అగస్త్యుణ్ణి చూపించాం చక్రి గారూ. చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆ రాత్రి చలి మాత్రం దారుణం. కరెంటు సైటు కాబట్టి హీటరు నడిచింది. మౌంట్ కుక్ దగ్గర కరెంటు లేదు, గ్యాసు హీటరు పెద్దగా ఆనలేదు, ఆరుగురం స్వెట్టర్లతోనే పడుకున్నాం. పొద్దున కిటికీలకి లోపలి వైపు నీళ్ళు కారుతున్నాయి, అన్నీ మా ఊపిరే.

వెస్ట్ కోస్ట్‌లో రెండు రోజులు వాన తెరిపివ్వలేదు. గ్లేసియర్ సున్నా, తెల్లటి మేఘం చూసొచ్చాం. బండిలో కదలడానికి చోటు లేక మా ఆవిడా నేనూ ఒక పూట మాట్లాడుకోలేదు. మావయ్య గారు గుర్తొచ్చారు. అప్పుడు అమ్మ బల్ల మీద సుద్దతో గళ్ళు గీసి, చింతగింజలు లేవు కాబట్టి శనగలతో పిల్లలకి అష్టాచమ్మా నేర్పింది. ఇప్పుడు ఇంట్లో వాళ్ళు అడిగేది అదే, మిల్ఫర్డ్ కాదు.

మడి విషయంలో పద్మజ గారి క్యాను ఉపాయం పనిచేసింది. పసుపు బొట్టుతో సహా.

డబ్బు: హోటళ్ళతో పోలిస్తే మిగిలింది కొద్దే. ఇంకో రెండు రోజులు తగ్గించి, ఫాక్స్ దగ్గర మోటెల్ తీసుకుని ఉండాల్సింది. ఈసారి వెళ్తే నలుగురమే, చిన్న బండి.

మెల్‌బోర్న్_మావయ్య
ఎనిమిదిసార్లు చదివాను ఆ "మావయ్య గారు గుర్తొచ్చారు" అన్న లైను.

కివీ_కాకినాడ
వెనకున్న బండ్లకి దారిచ్చారా?

నల్లకుంట_నరేష్
ప్రతిసారీ. ఒకాయన హారన్ కొట్టి చెయ్యూపి వెళ్ళాడు, మీరేనేమో అనుకున్నా.

డౌట్_దొరబాబు
అంతా రాశారు, అసలుది రాయలేదు. క్యాసెట్ ఎవరు తీశారు?

నల్లకుంట_నరేష్
నాన్న. మొదటి రోజు నేను గ్లవ్స్, మాస్కు, రెయిన్‌కోటు వేసుకుని, ముక్కు మూసుకుని దాని ముందు ఐదు నిమిషాలు నిలబడ్డా. ఆయన పంచె ఎగ్గట్టి వచ్చి "జరుగు, నలభై ఏళ్ళు పేడ ఎత్తినోణ్ణి" అని లాక్కుని వెళ్ళిపోయాడు. పన్నెండు రోజులూ ఆయనే. నాలుగో రోజుకి డంప్ స్టేషన్ దగ్గర ఒక డచ్ ముసలాయన ఫ్రెండయ్యాడు, ఇద్దరికీ ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాదు. క్యూలో ఒకళ్ళ క్యాసెట్ ఒకళ్ళు చూసుకుంటూ నిలబడేవాళ్ళు.